ఎలుకల పంక్తిభోజనం

ఎలుక పొట్టలో జావ ఎంతసేపు నిలుస్తుందో కనుక్కోవడానికి మనిషి ఎంత తిరగాలి? నేనైతే రోజూ తెనాలి నుంచి బాపట్లకి, ఆదివారాలు తెనాలి నుంచి రేపల్లెకి తిరిగాను. ఆ తిరుగుడుకి ఎం.ఫార్మసీ అని పేరు. మా అత్తగారు మాత్రం చుట్టాలతో "మా కోడలు ఎలుకలకి పొట్టలు చూస్తుంది" అనేవారు. ఆవిడ వెటకారంగా అనేవారో గర్వంగా అనేవారో నాకు ఇప్పటికీ తెలీదు. నా పరిశోధన గురించి అంతకంటే తేలిగ్గా నేను కూడా ఎవరికీ చెప్పలేకపోయాను.

పని చెప్పుకోవడానికి పెద్ద కష్టమైంది కాదు. ఎలుకల్ని ఓ రాత్రి పస్తుంచాలి. పొద్దున్నే బొగ్గుపొడి కలిపిన జావ కొలిచి, సన్నటి గొట్టంతో పొట్టలోకి పోయాలి. కాసేపయ్యాక నొప్పి తెలియకుండా ప్రాణం తీసి, పొట్ట బయటికి తీసి, అందులో ఇంకా ఎంత జావ మిగిలిందో తూచాలి. తక్కువ మిగిలితే పొట్ట చురుగ్గా కదిలినట్టు, ఎక్కువ మిగిలితే బద్ధకించినట్టు. దానికి ముందు వారంపాటు సగం ఎలుకలకి మందు పోస్తాం, మిగిలిన సగానికి మందు లేని ఉత్త బంకనీళ్ళు పోస్తాం. ఈ బంకనీళ్ళ జట్టుని కంట్రోలు అంటారు. మందు గొప్పదని చెప్పాలంటే మందు తాగనివాళ్ళు కూడా ఉండాలి కదా. తర్వాత రెండు జట్ల సగటులూ పక్కపక్కన పెట్టి, ఈ తేడా మందు వల్ల వచ్చిందా, ఊరికే అలా కుదిరిందా అని లెక్క కడతాం. తేడా నిజమైనదేనని లెక్క ఒప్పుకుంటే గ్రాఫులో మందు జట్టు కడ్డీ నెత్తిన ఓ నక్షత్రం గుర్తు పెట్టుకోవచ్చు. పెళ్ళికి జాతకంలో నక్షత్రం చూసినంత శ్రద్ధగా మా కాలేజీలో థీసిస్‌కి ఈ నక్షత్రం చూసేవారు.

చంపడం మాత్రం నాకు ఏనాడూ అలవాటు కాలేదు. మొదటిసారి చేసిన రోజు ఇంటికెళ్ళి అన్నం ముందు కూర్చుని లేచిపోయాను. పిల్లికి చెలగాటం, ఎలుకకి ప్రాణసంకటం అన్నారు కానీ, నిజానికి ఆ గదిలో పిల్లికీ ప్రాణసంకటంగానే ఉండేది. అందుకే ఈ ఎలుకలు ఊరికే పోకూడదని, వాటి పేరున ఒక్క నిజమైనా మిగలాలని నాకు పట్టుదలగా ఉండేది.

మా గైడు గారిది రేపల్లె, రోజూ రైల్లో వచ్చేవారు. బాపట్లలో ఊరి చివర మా కాలేజీలో ప్రొఫెసరు. వాళ్ళ నాన్నగారు పోయి చాలా ఏళ్ళయింది. ఆయన బతికున్నప్పుడు రేపల్లె చుట్టుపక్కల అజీర్తికి కషాయం కాచి ఉచితంగా ఇచ్చేవారట. శొంఠి, వాము, ఇంకా ఇంట్లోవాళ్ళు తప్ప బయటివాళ్ళకి చెప్పని రెండు వేర్లు. ఇప్పుడు ఆ కషాయం గైడు గారి అమ్మగారు కాస్తారు. నా థీసిస్ పేరు, ఇంగ్లీషులో ఎంత పొడుగున్నా, తెలుగులో చెప్పాలంటే "ఫలానా కషాయం ఎలుకల పొట్టని చురుకు చేయుట". చేస్తుందా చేయదా అని కాదు, చేయుట. ప్రయోగం మొదలుపెట్టకముందే ఫలితం టైటిల్లో ఎక్కి కూర్చుంది.

"మా నాన్న కషాయం పడితే రాళ్ళు తిన్నా అరుగుతాయమ్మా" అనేవారు గైడు గారు. అని, ఓ పెద్ద త్రేనుపు త్రేన్చేవారు.

ఆయనకి కడుపుబ్బరం ఉండేది. మధ్యాహ్నం భోంచేశాక బెల్టు వదులు చేసుకుని, కుర్చీలో వెనక్కి వాలి, ఫ్లాస్కులోంచి కషాయం పోసుకుని తాగేవారు. తాగాక ఇంకో గంట అలాగే కూర్చునేవారు. ఆ గంటలో ఆయన్ని సంతకం అడగడానికి ప్రిన్సిపాల్‌కి కూడా ధైర్యం ఉండేది కాదు. "ఈ కషాయం లేకపోతే నా పరిస్థితి ఏమయ్యేదో" అనేవారు. ఆయన పొట్టమీద చెయ్యి వేసుకుని ఆ మాట అంటుంటే నేను నమ్మాను. ఫార్మకాలజీ చదువుతూ కూడా నమ్మాను. మాకు పరీక్షలు ఎలుకలకే కానీ గైడులకి ఉండవు.

మూడో మనిషి మా ల్యాబ్ అసిస్టెంటు. ఆయన్ని మేమంతా బాబాయ్ గారూ అనేవాళ్ళం. కాకుమాను పక్క ఊరు, చర్చిలో పెద్ద. భారీ మనిషి, ముక్కుపొడి అలవాటు. వాళ్ళ సంఘంలో ప్రేమవిందు జరిగినా, పెళ్ళి జరిగినా వడ్డనకి ఆయనే పెద్ద. గరిటె ఆయన చేతిలో ఉంటే ఏ విస్తట్లోనూ ముక్క తక్కువ పడిందన్న మాట రాదని ఆ చుట్టుపక్కల పేరు. నా ఎలుకలకి పొద్దున ఏడింటికల్లా మందు పడాలి. నా రైలు నిడుబ్రోలులో ఎందుకు ఆగుతుందో, అప్పికట్లలో ఎందుకు ఆలోచిస్తుందో రైల్వేవాళ్ళకే తెలియాలి. అందుకని పొద్దున మందు పోసే పని బాబాయ్ గారు తీసుకున్నారు. గొట్టం ఎలుక నోట్లోకి పెట్టడంలో ఆయన చెయ్యి మెత్తన. ఏ ఎలుకా ఆయన్ని కరవలేదు.

మొదటి విడత ఎలుకలతో ప్రయోగం పూర్తయింది. తూచాను, సగటు కట్టాను. రెండు జట్లకీ తేడా లేదు. మందు తాగిన ఎలుకలూ, బంకనీళ్ళు తాగిన ఎలుకలూ కవలపిల్లల్లా ఉన్నాయి. కొండని తవ్వి ఎలుకని పట్టడం అనే సామెత ఉంది. నేను ఎలుకల్ని తవ్వాను, ఏమీ పట్టలేదు.

గైడు గారు కాగితం చూసి కళ్ళజోడు తీశారు.

"ఈ మూడో ఎలుక ఏంటమ్మా ఇలా ఉంది?"

"ఎలా ఉంది సార్?"

"దీని పొట్టలో ఇంత జావ మిగలడమేంటి? దీనికి ఒంట్లో బాగాలేదు. తీసెయ్."

మూడోది తీసేశాను. అయినా తేడా రాలేదు. కంట్రోలులో ఐదోది మరీ హుషారుగా ఉందని, అది కూడా ఆరోగ్యవంతుల లక్షణం కాదని దాన్నీ తీసెయ్యమన్నారు. ఇంకో రెండు తీసేస్తే తేడా వచ్చేలాగే ఉంది కానీ అప్పటికి లెక్క కట్టడానికి ఎలుకలు మిగలవు. గ్రాఫు మీద కడ్డీల చివర, కొలతలు ఎంత అటూ ఇటూ అయ్యాయో చూపించే మీసాలు గీస్తాం. అవి మరీ పొడుగ్గా ఉన్నాయని, పొట్టిగా కనపడే ఇంకో లెక్కలో గీయమన్నారు. గీశాను. మీసాలు తగ్గాయి కానీ నక్షత్రం పొడవలేదు.

చివరి తేదీ దగ్గర పడుతోంది. యూనివర్సిటీ అప్పటికే ఒకసారి గడువు పెంచింది. ఇంకోసారి పెంచదు. ఆలోపల గైడు సంతకంతో థీసిస్ ఇవ్వకపోతే నా రెండేళ్ళూ, నా డిగ్రీ, ఆ డిగ్రీ ఉంటేనే ఇస్తామన్న లెక్చరర్ ఉద్యోగం, అన్నీ గంగపాలు. గైడు గారేమో నక్షత్రం లేనిదే సంతకం పెట్టనన్నారు. "మా నాన్న మందు పనిచేయలేదని నేను సంతకం పెట్టాలా?" అన్నారు. ఆ గొంతులో కోపం కంటే దిగులు ఎక్కువగా వినపడింది. నాకు మాత్రం ఒళ్ళు మండింది. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. ఇక్కడ దేవుడూ ఇవ్వలేదు, పూజారీ ఇవ్వడం లేదు.

తెనాలిలో స్టేషను దగ్గర జిరాక్సు షాపులో థీసిస్‌లు టైపు చేసి, లెక్కలు కూడా కట్టి ఇచ్చే ఆయన ఉన్నాడు. లెక్క నేనే తప్పు కట్టానేమోనని ఒకసారి చూపిద్దామని వెళ్ళాను. ఆయన నా కాగితం పైనించి కిందకి చూసి, టీ చప్పరించి, "స్టార్ ఒకటి చాలా మేడమ్, రెండు కావాలా?" అన్నాడు.

"అంటే?"

"మీ గైడు ఎంత స్ట్రిక్టో దాన్నిబట్టి ఉంటదండి. రెండు పెడితే డౌటొస్తది. ఒకటి పెట్టుకోండి, నీట్‌గా ఉంటది."

"మరి కొలతలో?"

"కొలతలు స్టారుకి తగ్గట్టు మనమే రాస్తామండి. అందరికీ అంతే."

పక్కన ఓ అమ్మాయి తన గుండెజబ్బు కుందేళ్ళకి రెండు స్టార్లు ప్రింటు తీయించుకుని వెళ్తోంది. కుందేళ్ళు ఎన్ని అని అడగబుద్ధేసింది. అసలు కుందేళ్ళు ఉన్నాయా అని కూడా అడగబుద్ధేసింది. ఊరుకున్నాను.

ఈ సంగతి గైడు గారికి చెప్పాను, ఆయన ఎగిరి గంతేస్తారనుకుని. ఆయన మొహం ఎర్రగా అయింది. "కొన్న నక్షత్రం మా నాన్న మందు మీద పెడతావా? నీకు బుద్ధుందా?" అన్నారు. జబ్బు ఎలుకల్ని తీసెయ్యడం ఆయన దృష్టిలో తప్పు కాదు, చుట్టాలకి చేసే మాటసాయం లాంటిది. అబద్ధం మాత్రం తప్పు. ఈ రెండింటికీ మధ్య గీత ఎక్కడుందో ఆయనకే తెలియాలి. కానీ ఆరోజు మొదటిసారి ఆయన మీద నాకు గౌరవం కలిగింది. "మళ్ళీ చెయ్యి. కొత్త ఎలుకలు తెప్పిస్తా" అన్నారు.

కొత్త ఎలుకలొచ్చాయి. రేపల్లె వెళ్ళి మామ్మగారి దగ్గర, అంటే గైడు గారి అమ్మగారి దగ్గర, తాజాగా కాచిన కషాయం తెచ్చాను. ఆవిడకి ఎనభై దాటి ఉంటాయి. కషాయం వడగట్టేటప్పుడు ఎవర్నీ వంటింట్లోకి రానివ్వరు, వేర్ల సంగతి తెలిసిపోతుందని. సీసా నా చేతికిస్తూ "ఎలుకలకి గోరువెచ్చగా పొయ్యండమ్మా. చల్లారితే గుణం ఉండదు" అన్నారు. ఆవిడకి ఎలుకలంటే రోత కాదు, రోగులే. "మా ఆయన కాలంలో కోమలివిలాసం నుంచి కూడా వచ్చేవారు జనం" అంటూ గోడ మీది ఫోటో వంక చూసుకునేవారు. ఆ హోటలు ఇప్పుడు లేదు, అక్కడ తిని అజీర్తి చేసినవాళ్ళంతా వీధి దాటి వీళ్ళింటికి వచ్చేవారట.

మందు పోయడం మొదలైన మూడు నాలుగు రోజులకి ఓ వింత జరిగింది. నా రైలు వేళకి వచ్చింది. ఏడు కాకముందే కాలేజీలో ఉన్నాను. యానిమల్ హౌస్ తలుపు దగ్గరగా వేసి ఉంది. లోపల బాబాయ్ గారు బోనుల వరస ముందు నించుని, ఒక్కో ఎలుకనీ తీసి, "తాగు నాయనా, తాగు" అంటూ కషాయం పోస్తున్నారు. మందు జట్టు బోనులు అయిపోయాయి. ఆయన ఆగలేదు. అదే సిరంజీతో, అదే కషాయం, కంట్రోలు బోనులోంచి తీసిన ఎలుకకీ పోశారు.

తలుపు తోసుకుని లోపలికి వెళ్ళాను.

"బాబాయ్ గారూ! అది కంట్రోలండీ!"

ఆయన ఉలిక్కిపడలేదు. ఎలుకని మెల్లగా బోనులో పెట్టి, చెయ్యి తుడుచుకున్నారు.

"తెలుసమ్మా. దానికి బంకనీళ్ళు కూడా పోశాలే. అది మానలేదు."

"మరి కషాయం ఎందుకు పోస్తున్నారండీ?"

"ఎందుకేంటమ్మా? అన్నీ ఒకే బంతిలో కూచున్నాయి. ఈ పక్కదానికి మందు పోసి, ఆ పక్కదానికి ఉత్త నీళ్ళు పోసేదా? అది చూస్తా ఉంటే? పంక్తిభేదం చూపించగూడదమ్మా. మీ ఇళ్ళల్లోనూ అదే మాట, మా విందుల్లోనూ అదే మాట."

"మొదటి విడతలో కూడా ఇలాగే పోశారా?"

"మరి? వాటికి మాత్రం పొట్టలు కావా?"

నేను ఓ బస్తా మీద కూర్చుండిపోయాను. ఆ మొదటి విడత ఎలుకలు, నేను అన్నం మానేసి ఏడ్చిన ఎలుకలు, గైడు గారు ఒంట్లో బాగాలేదని తీసేసిన మూడోదీ, మరీ హుషారని తీసేసిన ఐదోదీ, అన్నీ ఒకే కషాయం తాగాయి. తేడా ఎక్కడినుంచి వస్తుంది? ప్రపంచంలో ఎక్కడైనా ల్యాబ్ అసిస్టెంటు బద్ధకించి మందు పోయకపోతే ప్రయోగం చెడుతుంది. మా జిల్లాలో మాత్రం అడగనివాళ్ళకి కూడా కొసరి వడ్డించడం వల్ల చెడుతుంది. నాకు ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి.

కోప్పడదామంటే ఆయన ముందు నోరు రాలేదు. నెమ్మదిగా చెప్పాను. మందు తాగనివాళ్ళు లేకపోతే మందు పనిచేసిందో లేదో తెలీదని, ఇలాగైతే ఈ ప్రాణాలన్నీ వృథాగా పోతాయని చెప్పాను. ప్రాణాలు వృథా అన్న మాట ఆయనకి తగిలింది. ముక్కుపొడి డబ్బా తీసి, మూత తట్టి, మళ్ళీ జేబులో పెట్టుకున్నారు.

"నువ్వు చెప్పేది అర్థమైందమ్మా. కానీ నా చేత్తో నేను తేడాగా వడ్డించలేను. నావల్ల కాదు. వేరే ఎవరితోనన్నా పోయించుకో."

వేరే ఎవరున్నారు? ఏడింటికి అక్కడ ఉండేది ఆయనా, ఎలుకలే. చివరికి ఓ దారి తోచింది.

"బాబాయ్ గారూ, రెండు సీసాలు ఇస్తాను. వాటికీ సిరంజీలకీ నల్లటేపు చుట్టేస్తాను. దేంట్లో మందుందో, దేంట్లో నీళ్ళున్నాయో మీకు చెప్పను. ఎర్రమూత సీసా ఈ బోనులకి, తెల్లమూత సీసా ఆ బోనులకి. మీకు తెలీకుండా పోస్తే పంక్తిభేదం మీది కాదుగా?"

"మరి ఆ పాపం ఎవరిది?"

"నాదండీ."

"మోస్తావా?"

"మోస్తాను."

"సరే అయితే" అన్నారు, నా నెత్తిన ఓ మూట పెట్టి చేతులు దులుపుకున్నట్టు.

మందు ఎవరికి పడుతోందో పోసేవాళ్ళకి తెలియకూడదని మా పుస్తకాల్లో మొదటి పాఠంలోనే ఉంది. మా కాలేజీలో దాన్ని పరీక్షలో రాయడానికే తప్ప చేయడానికి ఎవరూ వాడలేదు. చివరికి ఆ పద్ధతి మా యానిమల్ హౌస్‌లోకి సైన్సు కోసం రాలేదు, పాపం ఎవరి ఖాతాలో పడాలన్న తగువు తీర్చడానికి వచ్చింది. కషాయం ఘాటు వాసనకి ఆయన గుర్తుపడతారేమోనని భయపడ్డాను కానీ, ముక్కుపొడి ఆ బాధ లేకుండా చేసింది.

కొన్నాళ్ళు ఎలుకల్ని ఏ మందూ లేకుండా వదిలేసి, పాత కషాయం ఒంట్లోంచి పోయాక మళ్ళీ మొదలుపెట్టాం. గైడు గారికి జరిగిందంతా చెప్పాను. ఆయన బల్ల చరిచి నవ్వారు. "చూశావా! మా నాన్న మందులో లోపం లేదు, మన వడ్డనలో ఉంది!" అన్నారు. ఆ వారమంతా ఆయన ముఖంలో పెళ్ళికళ. నాక్కూడా ఆశ పుట్టింది. ఈసారి నక్షత్రం పొడుస్తుందని ఇద్దరికీ గట్టి నమ్మకం.

పొడిచింది.

తూచి, లెక్క కట్టి, నమ్మలేక మళ్ళీ కట్టాను. తేడా స్పష్టంగా ఉంది. ఏ ఎలుకనీ తీసెయ్యక్కర్లేదు, ఏ మీసమూ తగ్గించక్కర్లేదు. జిరాక్సు షాపాయన రెండు పెట్టినా ఎవరికీ డౌటు రాని నక్షత్రం. కాకపోతే అది రెండో వైపు పొడిచింది. కషాయం తాగిన ఎలుకల పొట్టల్లో జావ ఎక్కడిదక్కడే ఉంది. బంకనీళ్ళు తాగినవి శుభ్రంగా అరిగించుకున్నాయి. కషాయం పొట్టని చురుకు చేయడం లేదు, జోకొట్టి పడుకోబెడుతోంది.

ఆలోచిస్తే అర్థమైంది. బిగుసుకున్న పొట్టని వదులు చేస్తే నొప్పి తగ్గుతుంది. నొప్పి తగ్గగానే అరిగిందనుకుంటాం. రేపల్లెలో అన్నేళ్ళూ జనం గైడు గారి నాన్నగారిని దీవించింది నొప్పి తగ్గినందుకు. అది అబద్ధం కాదు. కానీ లోపల అన్నం మాత్రం కదలకుండా కూర్చునే ఉంది. గైడు గారి గదిలో, వదులు చేసిన బెల్టు వెనకాల కూర్చున్నట్టు.

గ్రాఫు ఆయన బల్లమీద పెట్టి నించున్నాను. ఆయన దాన్ని తన వైపు తిప్పుకున్నారు.

"సీసాల మూతలు తారుమారయ్యాయేమో చూశావా?"

"చూశాను సార్. కాలేదు."

"టేపులు చుట్టావు కదా, ఎర్రమూత తెల్లమూతకి పోయుండొచ్చు. బాబాయికి తెలీదు. నీకొక్కదానికే తెలుసు."

"అవును సార్. నాకొక్కదానికే తెలుసు."

ఆయన అడుగుతున్నదేంటో ఇద్దరికీ తెలుసు. మూతలు మారాయని నేను ఒక్క మాట అంటే చాలు. నక్షత్రం ఇటు తిరుగుతుంది, సంతకం పడుతుంది, డిగ్రీ వస్తుంది, వాళ్ళ నాన్నగారు ఫోటోలో నిశ్చింతగా ఉంటారు. అడకత్తెరలో పోకచెక్క అయింది నా పని. కానీ ఆ యానిమల్ హౌస్‌లో పాపం మోస్తానని ఒప్పుకున్నాను. ఒకటి మోస్తున్నాను, దానిమీద ఇంకొకటి ఎక్కించుకోలేను.

"మారలేదు సార్" అన్నాను మళ్ళీ.

"వెళ్ళమ్మా" అన్నారు.

రోజులు గడిచాయి. సంతకం లేదు. చివరి తేదీ ముంచుకొస్తోంది. ఇంట్లో మా ఆయన "వచ్చే ఏడు చూసుకోవచ్చులే" అని ఓదార్చబోతే విరుచుకుపడ్డాను. వచ్చే ఏడు లేదని ఆయనకీ తెలుసు. గైడు గారి మీద ఎంత కోపమొచ్చిందంటే, రైల్లో కూర్చుని ఆయన్ని మనసులో తిట్టుకుంటూ బాపట్ల దాటిపోబోయాను.

ఓ మధ్యాహ్నం క్యాంటీన్‌కి వెళ్తే, మూల బల్ల దగ్గర గైడు గారు ఒక్కరే కూర్చుని మిరపకాయ బజ్జీలు తింటున్నారు. ఆయన క్యాంటీన్‌లో ఏదైనా తినగా నేను చూడలేదు. ఇంకో ప్లేటు తెమ్మని కేకేశారు.

"కూర్చో" అన్నారు. కూర్చున్నాను.

"ఆ గ్రాఫు చూసినప్పట్నించీ నేను కషాయం తాగట్లేదు. అమ్మ ఫ్లాస్కులో పోసిస్తుంది. రైలు దిగాక పట్టాల పక్కన పారబోస్తున్నా." ఆ మాట చెప్పడానికి ఆయన బజ్జీ కింద పెట్టేశారు. "ఒక్క మనిషి మీద చేసిన ప్రయోగానికి లెక్క కట్టలేం కదమ్మా?"

"కట్టలేం సార్."

"కట్టలేం. కానీ బెల్టు ఒక చిల్లు లోపలికొచ్చింది."

నాకు నవ్వొచ్చింది. ఆయన నవ్వలేదు.

"చిన్నప్పట్నించీ తాగుతున్నా. కడుపుబ్బరమని తాగడం, తాగానని ఉబ్బడం. అరగట్లేదంటే అమ్మ ఇంకాస్త పోసేది." రెండో ప్లేటు వచ్చింది. ఆయన అది నా వైపు తోశారు. "కాగితాలు పట్రా."

సంతకం పెట్టారు. టైటిల్లో మాత్రం ఒక్క మాట మార్చారు. "చురుకు చేయుట" కొట్టేసి "ప్రభావము" అని పెట్టించారు. ప్రభావం ఏ వైపుకో టైటిలు చెప్పదు. అది తెలుసుకోవాలంటే లోపల చదవాలి. మా దగ్గర థీసిస్‌లు లోపల చదివే ఆచారం లేదు కాబట్టి ఎవరికీ నష్టం లేదు. వైవాలో ప్రశ్నలడగడానికి వచ్చిన పెద్దాయన కూడా గ్రాఫు దగ్గర ఆగి, "స్టార్ వచ్చింది, గుడ్" అని పేజీ తిప్పేశారు.

డిగ్రీ వచ్చాక మామ్మగారు భోజనానికి పిలిచారు. బాబాయ్ గారిని కూడా తీసుకురమ్మన్నారు. ఎలుకలకి తన కషాయం పోసిన మనిషి అని ఆవిడకి ఆయన మీద అభిమానం. నేనూ బాబాయ్ గారూ తెనాలిలో రేపల్లె బండి ఎక్కి వెళ్ళాం. హాల్లో చాపలు పరిచి, వరసగా మూడాకులు వేశారు. గైడు గారు, నేను, బాబాయ్ గారు. ఆవిడే వంగి వంగి వడ్డించారు. పప్పుచారు, గోంగూర, వేపుళ్ళు, గారెలు. బాబాయ్ గారు ఆవిడ చెయ్యి వంకే చూస్తున్నారు, ఒక పెద్ద పనివాడు ఇంకొకరి పనితనం చూసినట్టు. ఒక గారె కూడా ఏ ఆకులోనూ ఎక్కువ తక్కువ పడలేదు.

థీసిస్ కాపీ ఒకటి తెచ్చాను. మామ్మగారు దాన్ని రెండు చేతులా తీసుకుని, ఫోటో ముందు పెట్టారు. కుంకుమ భరిణె తెచ్చి, అట్టమీద బంగారు అక్షరాల పక్కన బొట్టు పెట్టారు. లోపల ఏముందో ఆవిడ చదవలేరు. ఇంగ్లీషు కదా.

"ఎలుకలకి గుణమిచ్చిందా అమ్మా?" అన్నారు నన్ను.

గైడు గారు ఆకులోకి చూస్తున్నారు. బాబాయ్ గారు నన్ను చూస్తున్నారు.

"ఇచ్చింది మామ్మగారూ. మీ కషాయానికి నక్షత్రం వచ్చింది" అన్నాను. అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. అయినా ఆవిడ వైపు చూడకుండా గారె తుంచుకున్నాను.

"నాకు తెలుసు" అన్నారావిడ ఫోటోతో.

పెరుగన్నం అయ్యాక, చిన్న గిన్నెలో కషాయం తెచ్చారు, గోరువెచ్చగా. మొదట కొడుకు దగ్గరికి వెళ్ళారు. వద్దంటారనుకున్నాను. గైడు గారు గ్లాసు చాచి పోయించుకుని, ఒక్క గుక్కలో తాగేశారు. బెల్టు ఒక చిల్లు బయటికి జరుపుకున్నారు. తర్వాత నా గ్లాసు. తర్వాత ఆవిడ బాబాయ్ గారి ముందు ఆగి, "మీరు కూడా తాగుతారా, మీకు అలవాటు ఉండదేమో" అన్నారు.

"పొయ్యండమ్మా. బంతిలో తేడా ఎందుకు" అన్నారు బాబాయ్ గారు గ్లాసు పట్టుకుని.

ముగ్గురం తాగాం. ఆ బంతిలో కంట్రోలు అంటూ ఎవరూ లేరు. తిరుగు రైల్లో బాబాయ్ గారు కిటికీ పక్కన నిద్రపోయారు. నేను పొట్టమీద చెయ్యి వేసుకుని కూర్చున్నాను. భట్టిప్రోలు వెళ్ళింది, వేమూరు వెళ్ళింది, తెనాలి వచ్చేసింది. మామ్మగారు పెట్టిన భోజనం మాత్రం పెట్టినచోట పెట్టినట్టే ఉంది.